నడుముకు కట్టే పిస్తోలు: ఎర్రచుక్క కన్నా ముందు చూడవలసినవి

(లైసెన్సు పొందిన ఆయుధాల గురించి పాఠకులు పంపే సందేహాలకు, పోలీసు శాఖలో ముప్పై మూడేళ్ళు ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్‌గా పనిచేసి తిరుపతిలో స్థిరపడిన మా శీర్షిక రచయిత సమాధానాలు.)

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నాది చిత్తూరు. మామిడి గుజ్జు వ్యాపారం. వయసు 57. పదకొండేళ్ళుగా .32 రివాల్వర్‌కు లైసెన్సు ఉంది. సీజన్‌లో రైతులకు డబ్బు ఇవ్వడానికి తోటలకు వెళ్ళేటప్పుడు వెంట ఉంచుకుంటాను. మా అబ్బాయి డాలస్‌లో స్థిరపడ్డాడు. వాడి దగ్గర అరచేతిలో ఇమిడే పిస్తోలు ఉంది. దాని పైన చిన్న అద్దం, ఆ అద్దంలో ఎర్రచుక్క. వీడియో కాల్‌లో చూపించాడు. ‘సబ్‌కాంపాక్ట్’ అంటారట. స్లైడ్ (పిస్తోలు పైన వెనక్కీ ముందుకూ జారే భాగం) మీద ఆప్టిక్ (ఈ ఎర్రచుక్క అద్దం) బిగించుకునే ఏర్పాటు ఉన్న వాటినే ఇప్పుడు అక్కడ ఎక్కువమంది అడుగుతున్నారట. నా రివాల్వర్ ఇచ్చేసి అలాంటిది తీసుకోవాలని ఉంది. ఎంచుకునేటప్పుడు ఏమేమి చూడాలి? ఈ మధ్య చత్వారం వచ్చి, గురి చూస్తే ముందు మొన మసకగా కనిపిస్తోంది. – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి చివరి వాక్యంలో ఉంది. మీ ఇబ్బంది పాత రివాల్వర్‌తో కాదు, కంటితో. కాబట్టి చత్వారం దగ్గరే మొదలుపెడతాను.

మామూలు పిస్తోలుతో గురి చూడాలంటే మూడింటిని ఒకే వరుసలోకి తేవాలి: వెనుక గాడి, ముందు మొన, ఎదుటి లక్ష్యం. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారికి ఒకదాన్నే తేటగా చూడగలదు. అందుకే శిక్షణలో ‘ముందు మొనను చూడు, మిగిలినవి మసకగా ఉన్నా పరవాలేదు’ అని చెబుతాం. ఇరవై ఐదేళ్ళ వయసులో ఇది కష్టం కాదు. నలభై ఐదు దాటాక, చెయ్యి చాచిన దూరంలో ఆ మొన అంచులు చెదిరి ఊలుపోగులా కనిపిస్తుంది. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే మొన తేటపడుతుంది గాని ఎదుట ఉన్నది ఎవరో తెలియదు. సర్వీసులో చివరి పదేళ్ళూ వార్షిక ఫైరింగ్‌లో నేను పడిన అవస్థ ఇదే.

ఎర్రచుక్క ఈ అవస్థను నిజంగానే తీరుస్తుంది. అద్దానికి ఇవతల, మన వైపున, ఆవగింజలో సగం కూడా లేని దీపం ఒకటి ఉంటుంది. దాని వెలుగు వంపు తిరిగిన అద్దానికి తగిలి మన కంటికి తిరిగి వస్తుంది. కిరణాలు సమాంతరంగా రావడం వల్ల చుక్క అద్దం మీద ఉన్నట్టు కాక, దూరాన లక్ష్యం మీదే అంటించినట్టు కనిపిస్తుంది. మీరు దూరపు చూపు అద్దాలు పెట్టుకుని, రెండు కళ్ళూ తెరిచి, ఎదుట ఉన్నదాన్ని చూస్తే చాలు. మొన వెతకనక్కరలేదు.

కురచ పిస్తోలుకు దీనివల్ల ఇంకో మేలు ఉంది. రెండు గుర్తుల మధ్య దూరం తగ్గేకొద్దీ చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. ఆ దూరం 130 మిల్లీమీటర్లు అనుకోండి. మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పది మీటర్ల దగ్గర తూటా ఏడున్నర సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. చుక్క ఉంటే రెండు గుర్తులను కలపవలసిన పనే లేదు. కాబట్టి మీ అబ్బాయి చెప్పింది వట్టి మోజు కాదు. అతని మాటలో నిజం ఉంది.

అయితే అతని పిస్తోలు అమెరికాలోని అవసరానికి, అమెరికా చట్టానికి తగ్గట్టు పుట్టిన వస్తువు. అంతకుముందు చిన్న పిస్తోలు అంటే పలచగా ఉండి ఆరేడు తూటాలు పట్టేది గాని, గ్లాక్ 26 లాగా పొట్టిగా, లావుగా ఉండి పది పట్టేది గాని. 2018లో సిగ్ సావర్ సంస్థ పి365 తెచ్చి, నాళం మూడంగుళాల పైచిలుకు, ఖాళీ బరువు అరకిలో ఉన్న పలచటి ఒంట్లోనే పది తూటాలు పట్టించింది. ఆ మొదటి రూపానికి ఆప్టిక్ కోత (అద్దం కూర్చోవడానికి స్లైడ్ మీద తొలిచే చోటు) లేదు. మరుసటి ఏడాది వచ్చిన ఎక్స్‌ఎల్ రూపానికి ఇచ్చారు. అదే ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, తరువాత గ్లాక్ 43ఎక్స్ ఎంఓఎస్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ అదే బాట పట్టాయి. ఇవన్నీ 9 ఎం.ఎం. తూటావి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివారు ప్రత్యేక లైసెన్సు లేకుండానే చేతితుపాకి వెంట ఉంచుకోవచ్చు. మీ అబ్బాయి ఆ లోకంలో ఉన్నాడు.

మీరు చిత్తూరులో ఉన్నారు. సర్వీసు 9 ఎం.ఎం. తూటా, అంటే సైన్యం, పోలీసులు వాడే తూటా, పట్టే పిస్తోలు ఏదైనా మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ శ్రేణి కిందికి వస్తుంది. మీ లైసెన్సు మీద అది కుదరదు. అతను చూపించిన పిస్తోలును, అదే రూపంలో, మీరు కొనే దారి లేదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ‘తెప్పించి పెడతాం’ అంటూ దళారులు చెవిలో ఊదుతారు. వాళ్ళ మాట విన్నవారు పదకొండేళ్ళు మచ్చ లేకుండా కాపాడుకున్న లైసెన్సును, దానితోపాటు స్వేచ్ఛను పోగొట్టుకుంటారు.

మీకు అందేది .32 పిస్తోలు. మన ఆయుధ కర్మాగారాల నుంచి వచ్చినదాని పేరు ‘అశని’. అశనిపాతం అన్న మాట మనకు తెలిసిందే, పిడుగు అని అర్థం. దాని స్లైడ్ మీద ఆప్టిక్ కోత ఉండదు. మిల్లింగ్ మెషిన్ ఉన్నవారి దగ్గర కోయించుకుందామన్న ఆలోచన దయచేసి రానివ్వకండి. ఆయుధం మరమ్మతుకైనా, మార్పుకైనా ఆ పని చేసేవారికి 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, యంత్రం ఒప్పుకోదు. ఈ .32 పిస్తోళ్ళు బ్లోబ్యాక్ పద్ధతివి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఖాళీ గొట్టాన్ని సరైన క్షణం దాకా ఆపేది స్లైడ్ బరువు, స్ప్రింగు మాత్రమే. వేరే తాళం లేదు. ఆ స్లైడ్‌లో ఇనుము కోసి తీసేస్తే మీరు దాని బరువును, అంటే దాని కట్టుబాటును కోసేసినట్టే. పగిలిన స్లైడ్ వెనక్కి వచ్చేది మీ ముఖం మీదికే.

ఇప్పుడు ప్రైవేటు సంస్థలకూ ఆయుధాల తయారీ లైసెన్సులు ఇస్తున్నారు. రేపు ఏదో ఒకరోజు, కర్మాగారంలోనే కోత పెట్టిన .32 చిన్న పిస్తోలు లైసెన్సున్న డీలర్ దగ్గర మీ ముందుకు రావచ్చు. ఆ రోజు ఏమి చూడాలో చెబుతాను. అద్దం బిగించే ముందు లైసెన్సింగ్ అధికారిని ఉత్తరం రాసి అడిగి, జవాబు కాగితం దగ్గర పెట్టుకోండి.

డీలర్ చేతికి ఇవ్వగానే మ్యాగజీన్ (తూటాల పెట్టె) తీసి, స్లైడ్ లాగి, నాళం వెనుక తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో ఒకసారి, చిటికెన వేలితో ఒకసారి చూడండి. డీలర్ చూసి ఇచ్చినా మీరు మళ్ళీ చూడండి. తరువాత పట్టుకోండి. చిన్న పిస్తోలులో మొదట తెలిసేది చిటికెన వేలు. దానికి పిడి మీద చోటు దొరకక గాలిలో వేలాడుతుంది. అది వేలాడితే మణికట్టు కిందికో పక్కకో వంగుతుంది. ఎర్రచుక్కకు ఈ వంపు అసలు పనికిరాదు. ఇనుప మొన అయితే కొద్దిగా పక్కకు పోయినా కనిపిస్తూనే ఉంటుంది. చుక్క మాత్రం మణికట్టు కాస్త వంగితే చాలు, అద్దంలోంచే మాయమవుతుంది. అప్పుడు మనిషి పిస్తోలును గాలిలో అటూ ఇటూ ఊపుతూ చుక్క కోసం వెతుకుతాడు. కొత్తవారందరూ చేసేది ఇదే. కాబట్టి చిటికెన వేలు ఆనడానికి మ్యాగజీన్ అడుగున పొడిగింపు ఉందేమో అడగండి. కళ్ళు మూసుకుని, ఎవరూ లేని గోడ వైపు ఖాళీ పిస్తోలు చాచి, కళ్ళు తెరవండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు చుక్క అద్దం మధ్యలో ఉంటే ఆ పిడి మీ చేతిదే. నాలుగుసార్లే ఉంటే ఎంత మంచి పిస్తోలైనా మీది కాదు.

స్లైడ్ లాగి చూడండి. బ్లోబ్యాక్ పిస్తోళ్ళ స్ప్రింగు గట్టిగా ఉంటుంది, చిన్న స్లైడ్ మీద వేళ్ళకు పట్టు తక్కువ. చేతులు తడుపుకుని లాగి చూస్తే నిజం తెలుస్తుంది. మే నెలలో తోటలో మీ చేతులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

ట్రిగ్గర్‌కు నా పరీక్ష ఒకటే. డీలర్ అనుమతితో ఖాళీ పిస్తోలు స్లైడ్ మీద, మొనకు వెనుక, రూపాయి నాణెం పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. నాణెం పడకూడదు. మొదటిసారి అందరికీ పడుతుంది. పదోసారికైనా నిలవకపోతే ఆ ట్రిగ్గర్ మీ వేలికి బరువు. తేలికైన చిన్న పిస్తోలులో ట్రిగ్గర్ నొక్కడానికి కావలసిన బలం పిస్తోలు బరువు కన్నా ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు వేలు నొక్కేది ట్రిగ్గర్‌నే అయినా కదిలేది పిస్తోలు మొత్తం.

అద్దం విషయానికి వస్తే, చిన్న స్లైడ్‌లకు సరిపోయే, మరలు బిగించే అమరిక వేరు, పెద్దవాటిది వేరు. చిన్నవాటికి షీల్డ్ అనే అద్దాల సంస్థ ఆర్‌ఎంఎస్‌సి అమరిక, పెద్దవాటికి ట్రిజికాన్ సంస్థ ఆర్‌ఎంఆర్ అమరిక ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదాని అద్దం రెండోదానికి నేరుగా కూర్చోదు. మధ్యలో పలక వేసి బిగిస్తే అద్దం ఎత్తు పెరుగుతుంది, వదులయ్యే మరలూ పెరుగుతాయి. నేరుగా కోతలో కూర్చునేదే నాకు ఇష్టం. బ్యాటరీ పక్క నుంచో పై నుంచో మార్చేలా ఉండాలి. అద్దం విప్పితేగాని బ్యాటరీ మారని రకమైతే, మార్చిన ప్రతిసారీ గురి మళ్ళీ సరిచూసుకోవాలి. దానికి తూటాలు ఖర్చు. చుక్క పరిమాణాన్ని ఎంఓఏలలో (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చెబుతారు. ఆరు ఎంఓఏల చుక్క పది మీటర్ల దగ్గర దాదాపు పదిహేడు మిల్లీమీటర్ల వెడల్పు కప్పుతుంది. రూపాయి నాణెం కన్నా కొంచెం చిన్నది. మీ వయసుకు, మీ దూరాలకు అదే మేలు. మూడు ఎంఓఏలది కాగితం మీద గురికి బాగుంటుంది గాని కంటికి ఆలస్యంగా దొరుకుతుంది.

చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, పువ్వులా కనిపిస్తే వెంటనే అద్దాన్ని తప్పుపట్టకండి. ఫోను కెమెరాతో అద్దంలోని చుక్కను ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే తేడా మీ కంటిలో ఉంది. దాని పేరు ఆస్టిగ్మాటిజం, కళ్ళ డాక్టర్ అద్దాలతో చాలావరకు సరిచేస్తారు.

వెలుతురు గురించి మీరు ప్రత్యేకంగా ఆలోచించాలి. మామిడి చెట్టు కింద చిక్కటి నీడ. నాలుగడుగులు వేస్తే కళ్ళు చెదిరే ఎండ. నీడకు సరిపెట్టిన చుక్క ఎండలో కనిపించదు. ఎండకు సరిపెట్టినది నీడలో కాగడాలా మండి, ఎదుటివాణ్ణి కప్పేస్తుంది. వెలుతురును బట్టి తనంతట తాను మారే రకం ఉంది గాని, మీరు నీడలో ఉండి ఎండలోకి చూస్తే అదీ మోసపోతుంది, ఎందుకంటే అది కొలిచేది తాను ఉన్న చోటి వెలుతురునే. అందుకే అద్దంతోపాటు ఇనుప గుర్తులు కూడా అద్దంలోంచి కనిపించే పిస్తోలునే తీసుకోండి. బ్యాటరీ అయిపోయినా, అద్దం పగిలినా చేతిలో ఏదో ఒక గురి మిగలాలి.

ఇక మోయడం. మన చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతితుపాకి హోల్‌స్టర్‌లోనో, అలాంటి తొడుగులోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవారి అదుపులో ఉండాలి. అంటే చొక్కా కింద దాచడం మన దగ్గర తెలివితేటలు కాదు, విధి. నడుము మీద కనిపించేలా కట్టుకుని మండిలో తిరిగేవారు తమకు తెలియకుండానే నిబంధన తప్పుతున్నారు.

కొన్నాక తప్పకుండా వారం రోజులు ఇంట్లో ఖాళీ పిస్తోలు కట్టుకుని తిరగండి. తూటాలు వేరే గదిలో, బీరువాలో తాళం వేసి ఉండాలి. కింద కూర్చుని భోంచేయండి. మండిలో పరుపు మీద కూర్చునే తీరులో మఠం వేసుకోండి. స్కూటర్ ఎక్కి దిగండి. కింద పడిన కాయను వంగి తీయండి. వంగినప్పుడు చొక్కా పైకి లేచి పిడి బయటపడుతుంది. అద్దం ఉన్న పిస్తోలు అయితే, చొక్కా వెనుక వైపు మేకు కొట్టినట్టు ఉబ్బుతుంది. ఏడో రోజుకు పిస్తోలు ఒరిపిడికి నడుము కమిలిపోతే, ఎనిమిదో రోజు నుంచి మీరు దాన్ని కారు డాష్‌బోర్డులో పెట్టడం మొదలుపెడతారు. డాష్‌బోర్డులో పిస్తోలు మీ అదుపులో ఉన్న పిస్తోలు కాదు.

హోల్‌స్టర్ గట్టిదై ఉండాలి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, పిస్తోలు తీశాక కూడా నోరు మూసుకుపోకూడదు. నా తొలి ఉద్యోగ రోజుల్లో ఒక సహోద్యోగి మెత్తటి బట్ట హోల్‌స్టర్ వాడేవాడు. ఒకనాడు పిస్తోలు లోపలికి పెడుతుండగా చొక్కా అంచు కూడా దానితో లోపలికి జారింది. ఆ అంచు ట్రిగ్గర్ గార్డులో మడత పడింది. అతను మామూలుగానే అరచేత్తో కిందికి నొక్కాడు. తూటా తొడలోంచి మోకాలి పక్కగా బయటికి వచ్చింది. బతికాడు, నడిచాడు. కాని ఆ చప్పుడు తరువాత గదిలో పరుచుకున్న నిశ్శబ్దం, కాలుతున్న నూలు వాసన నాకు ఈ రోజుకీ గుర్తే. అందుకే చెబుతున్నాను: పెట్టేటప్పుడు తొందర వద్దు. ఎడమ చేత్తో చొక్కా పూర్తిగా పైకి ఎత్తి పట్టుకుని, హోల్‌స్టర్ నోటిలోకి కంటితో చూసి, మెల్లగా పెట్టండి.

చెమట సంగతి నేను చూసినది చెబుతాను. 2019 ఎన్నికల ముందు లైసెన్సుదారులు ఆయుధాలు అప్పగిస్తున్నారు. ఒక పెద్దమనిషి తన .32 పిస్తోలు బల్ల మీద పెట్టాడు. కుడి వైపు కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే ఎడమ వైపు, నడుముకు ఆనే వైపు, స్లైడ్ పొడవునా గోధుమరంగు తుప్పు. దాని అంచు చెమట ఎక్కడిదాకా పాకిందో గీత గీసినట్టు చెబుతోంది. స్లైడ్ లాగితే రాలేదు. నూనె వేసి, పావుగంట ఆగి, చెక్కముక్కతో మెల్లగా తట్టితే కరకరమంటూ సగం వచ్చి ఆగిపోయింది. “మూడేళ్ళుగా రోజూ కట్టుకుంటున్నాను సార్, ఒక్కసారి కూడా వాడలేదు” అన్నాడాయన, అదొక మంచి గుణంలా. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ మనిషి మూడేళ్ళు తనకు రక్షణ ఉందనుకుని నడుముకు ఒక ఇనుపముక్క కట్టుకుని తిరిగాడు.

అద్దం ఉన్న పిస్తోలుకు ఈ బాధ రెండింతలు. దీపం బయటికి తెరిచి ఉన్న రకంలో బనియన్ నూలు, టాల్కం పౌడరు, చెమట ఉప్పు చేరి, చుక్క మసకేస్తుంది లేదా రెండుగా చీలుతుంది. దీపాన్ని అద్దాల మధ్య మూసివేసిన రకం మన వాతావరణానికి నయం. ఎండాకాలంలో వారానికొకసారైనా ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్లానెల్ గుడ్డకు చుక్క నూనె అద్ది ఇనుముకు పట్టించండి. అద్దానికి నూనె తగలనివ్వకండి.

ఇప్పుడు మీకు నా సలహా. రివాల్వర్ ఇవ్వకండి. పదకొండేళ్ళుగా మీ చేతికి తెలిసిన ఆయుధం అది. మీ కంటికి వైద్యం చాలా చవకలో అవుతుంది. ఖాళీ రివాల్వర్‌ను రెండు చేతులతో చాచి పట్టుకోండి. టేపు పట్టుకుని మీ కంటి నుంచి ముందు మొన దాకా ఎంత ఉందో ఇంట్లో ఎవరినైనా కొలవమనండి. అరవై ఐదు సెంటీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. ఆయుధం ఇంట్లోనే ఉంచి, ఆ అంకె మాత్రం కళ్ళద్దాల నిపుణుడికి చెప్పండి. గురి చూసే కంటికి ఆ దూరం తేటగా కనిపించేలా, రెండో కంటికి దూరపు చూపుతో అద్దాలు చేసిస్తారు. ముందు మొనకు ముదురు నారింజ రంగు గోళ్ళ రంగు ఒక పూత వేయండి. మా ఆవిడ దగ్గర అడిగి తెచ్చిన సీసాతో నేను ఎన్ని రివాల్వర్లకు అలా పూశానో లెక్క లేదు. తరువాత రోజూ పది నిమిషాలు డమ్మీ తూటాలతో ట్రిగ్గర్ సాధన చేయండి. రెండు నెలలయ్యాక కూడా మొన దొరకకపోతే అప్పుడు ఎర్రచుక్క మాట మాట్లాడుకుందాం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మీరు తోటలకు వెళ్ళేది డబ్బుతో. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. అవసరానికి మించిన హాని ఆ హక్కులోకి రాదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నచోట ఆ హక్కు వర్తించదు. సంచి లాక్కుని పరుగెత్తుతున్నవాడి వీపు మీద చుక్క ఎంత స్పష్టంగా కనిపించినా వేలు కదలకూడదు. రైతుల ఖాతాలకు డబ్బు పంపే వీలు ఎంతవరకు ఉందో ఈ సీజన్‌కు ముందే చూసుకోండి.

ప్రశ్న: నేను తిరుపతిలో బ్యాంకు ఉద్యోగిని. లైసెన్సుకు దరఖాస్తు చేశాను. రేణిగుంట రోడ్డు మీద రాత్రి ఒంటరిగా కారు నడుపుతాను. తేలికైన నిర్భీక్ రివాల్వర్ తీసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవచ్చా? చీరకు నడుము హోల్‌స్టర్ కుదరదు కదా. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నిర్భీక్ 2014లో కాన్పూర్ కర్మాగారం నుంచి వచ్చింది. టైటానియం మిశ్రమంతో చేసిన అరకిలో బరువున్న .32 రివాల్వర్. అదే నగరం నుంచి 2023లో వచ్చిన ప్రబల్ ఇంకొంచెం బరువు. తయారీదారు 50 మీటర్ల దాకా పనిచేస్తుందని చెబుతారు గాని, మీ అవసరం కారు తలుపు దూరమే. తేలికైనది మోయడానికి సుఖం, పేల్చినప్పుడు చేతికి కష్టం. కాబట్టి కొనే ముందు శిక్షణలో రెండు బరువులవీ పేల్చి చూడండి. రివాల్వర్‌కు స్లైడ్ లాగే పని లేదు, అది మీకు మేలు.

బ్యాగు విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. బ్యాగు చీరల కొట్టులో కౌంటర్ మీద ఉంటుంది, బంధువుల ఇంట్లో మంచం మీద ఉంటుంది, పిల్లలు చాక్లెట్ కోసం జిప్పు తీస్తారు. దొంగ మొదట లాగేదీ బ్యాగునే. తాళాలు, పెన్ను, దువ్వెన ట్రిగ్గర్‌లోకి దూరతాయి. తప్పదంటే ఆయుధానికి ప్రత్యేకంగా అర, అందులో కుట్టిన గట్టి హోల్‌స్టర్, జిప్పుకు తాళం ఉన్న బ్యాగు వాడండి, భుజానికి అడ్డంగా వేసుకుని ఎక్కడా దించకండి. పని రోజుల్లో సల్వార్ కమీజు వేసుకునే అలవాటు ఉంటే, లోపల వెడల్పాటి బెల్టుకు హోల్‌స్టర్ పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది. బ్యాంకు లోపలికి ఆయుధం తేవచ్చో లేదో మీ అధికారులను ముందుగానే అడగండి. కాదంటే ఈ ఏర్పాటు మొత్తం మళ్ళీ ఆలోచించాలి, ఎందుకంటే పార్కింగ్‌లోని కారులో రివాల్వర్ వదలడం కుదరదు.

ప్రశ్న: తోలు హోల్‌స్టర్ బెల్టు మీది అరల్లో ఉంచిన తూటాలకు ఆకుపచ్చ చిలుము పట్టింది. చింతపండుతో తోమితే పోతుందా? – మదనపల్లె పాఠకుడు

జవాబు: తోమకండి. తోలు పదును చేయడంలో వాడే పదార్థాలు, చెమట కలిసి ఇత్తడిని తింటాయి. చిలుము కింద ఎంత లోతు తిన్నదో పైకి తెలియదు. చింతపండు పులుపు ఇంకొంత తింటుంది, తడి క్యాప్ (తూటా అడుగున, మందును అంటించే భాగం) దగ్గర లోపలికి దిగవచ్చు. తడిసిన తూటా పేలకపోతే ఒక బాధ, సగం బలంతో పేలి గుండు నాళంలో ఇరుక్కుంటే, తరువాతి తూటాతో నాళం పగులుతుంది. చెత్తలో వేయకండి. లైసెన్సు పట్టుకెళ్ళి, మీరు కొన్న డీలర్ దగ్గరే అప్పగింత గురించి అడిగి, కాగితం తీసుకోండి. కొత్త తూటాలు అట్టపెట్టెలో, పొడి చోట ఉంచండి. హోల్‌స్టర్‌లో పెట్టేవి వెంట తీసుకెళ్ళే రోజు మాత్రమే పెట్టండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి నెలనెలా వెళ్తాం. లైసెన్సు పిస్తోలు కారులో ఉంటే తప్పా? – ఒక పాఠకుడు

జవాబు: లైసెన్సు పుస్తకంలో ‘చెల్లుబాటు ప్రాంతం’ అన్న గడి చూడండి. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, తమిళనాడు సరిహద్దు దాటిన క్షణం నుంచి మీ దగ్గర ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. చిత్తూరు జిల్లా నుంచి గంట ప్రయాణంలో రెండు రాష్ట్రాలు తగులుతాయి కాబట్టి ఈ గడిని ప్రతి లైసెన్సుదారూ కంఠతా పట్టాలి. పరిధి పెంచమని లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు చేయవచ్చు. ఇచ్చినా సరే, రోగి పక్కన కూర్చునే చోటికి పిస్తోలు ఎందుకు? ఇంట్లో ఉంచి వెళ్ళండి.

ప్రశ్న: కుటుంబంతో తిరుమలకు వెళ్తూ పిస్తోలును అలిపిరి దగ్గర కారులో ఉంచి నడిచి ఎక్కవచ్చా? – ఒక భక్తుడు

జవాబు: కొండ మీదికి ఆయుధాలు నిషిద్ధమని మీకు తెలిసే కారులో ఉంచుదామనుకుంటున్నారు. 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, దిగేసరికి ఎన్ని గంటలవుతుందో చెప్పలేం. అంతసేపూ ఆ పిస్తోలు ఒక గాజు పలక అవతల, వేలమంది నడిచే చోట ఉంటుంది. మీరు ఊరి నుంచి బయలుదేరేటప్పుడే లైసెన్సున్న డీలర్ దగ్గర భద్రపరచి రసీదు తీసుకోండి, లేదా ఇంట్లో బీరువాలో తాళం వేసి, తూటాలు వేరే అరలో పెట్టి, తాళంచెవి మీ మొలతాడుకు కట్టుకుని రండి.